తెల్లకణాలు తగ్గిన రోజు

మా డాక్టరమ్మ పోయారని నిన్న పొద్దున మణుగూరు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. కొన్నాళ్లుగా గుండె బాగాలేదట, నిద్రలోనే పోయారట. దుమ్ముగూడెం చుట్టుపక్కల మా ఊళ్లలో ఆమె పేరుతో ఎవరికీ పని పడలేదు. డాక్టరమ్మ అంటే ఆమే.

ఆమెకు నోరు పెద్దది. చెప్పుల్లేకుండా అడవికి పోయి ముల్లు గుచ్చుకుని వచ్చినవాళ్లను ముందు తిట్టి, తర్వాత కట్టు కట్టేవారు. స్టెతస్కోపు మాత్రం అరచేతిలో వెచ్చబెట్టుకుని గానీ ఒంటికి ఆనించేవారు కాదు. కోటు జేబులో పుట్నాలుండేవి. పిల్లల కోసమనేవారు గానీ సగం ఆమే తినేవారు. రిపోర్టు చేతికిస్తే, "కాగితం మాట ఇన్నం. ఇగ మనిషి ఏం జెప్తదో సూద్దాం" అనేవారు.

ఒక ఏడాది తునికాకు కోతల్లో అమ్మ కాలికి వెదురు మోడు దిగింది. పసుపు అద్దుకుని ఆకు కోస్తూనే ఉంది. కాలు వాచి, జ్వరం ముదిరాక డాక్టరమ్మ దవాఖానాలో చేర్చాం. రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా పెరిగి ఉన్నాయి. జబ్బుతో పోరాడుతున్నాయి కాబట్టే పెరిగాయన్నారు. మర్నాటికి అవి బాగా తగ్గిపోయాయి, ఒళ్లు కూడా చల్లబడింది. నాన్న సంతోషపడ్డాడు. ఆకు కొనే కల్లం మూసేలోపు ఇంటికి చేరాలని సంచి సర్దాడు. పెరిగింది తగ్గితే నయమైనట్టే కదా అని మేమూ అనుకున్నాం.

డాక్టరమ్మ ఆ సంచిని మంచం కిందికి తోసి, నాన్నను కూర్చోబెట్టారు.

"జెరం తగ్గుడు కాదన్నా, పెయ్యి ఓడిపోతాంది. తెల్లకణాలంటే కావలోళ్లు. పుండుల క్రిమి ఇసం కొందర్ని సంపింది, కొందర్ని తిక్కలోళ్లను జేసింది. దొంగను ఇడిశిపెట్టి నెత్తురు గొట్టాల గోడలకే అతుక్కుంటున్నరు. గందుకే లెక్కల దొరుకుతలేరు. ఇయ్యాల ఇంటికి తీస్కపోతే ఆమె బతకదు."

ఖమ్మం దాకా అంబులెన్సులో డాక్టరమ్మే వచ్చారు, దారంతా అమ్మ నాడి పట్టుకుని. అక్కడ కుళ్లిన కండ తీసేశారు, మందులు పనిచేశాయి. కాలి వేళ్లు రెండు పోయాయి గానీ అమ్మ మాకు దక్కింది. ఇప్పుడు బడిలో నేను తెల్లకణాల పాఠం చెప్తాను. పుస్తకంలో అవి ఎప్పుడూ గెలిచే సైనికులే. క్రిమి విషానికి అవీ దారి తప్పుతాయని, ఒక్కోసారి మన ఒంటినే దెబ్బతీస్తాయని నేను కలిపి చెప్తాను. ఆ ముక్క డాక్టరమ్మది.

నిన్న అమ్మను తీసుకుని వెళ్లాను. డాక్టరమ్మను వరండాలో పడుకోబెట్టారు. అమ్మ ఆమె తల దగ్గర కూర్చుని, మొహం మీద ఈగ వాలకుండా కొంగుతో విసరడం మొదలుపెట్టింది. ఎండ వరండాలోకి వచ్చింది. కాసేపు లేచి ఏమన్నా తినమన్నాను.

"ఖమ్మం పోయేదాంక నన్ను ఇడిశిందా ఆమె?" అంది అమ్మ.

పాడె ఎత్తేదాకా ఆ కొంగు ఆడుతూనే ఉంది.