హెడ్మాస్టరు అడిగిన గులాబీలు

పోయిన నెల కృష్ణగిరిలో ఒక బడివాళ్లు సైన్సు ప్రదర్శన పెట్టి, రిటైరైన పాత టీచర్లను కూడా పిలిస్తే, మోకాళ్ల నొప్పిని లెక్కచేయకుండా హోసూరులో బస్సెక్కి పోయాను. ఒక గదిలో పిల్లలు కళ్లకు పెద్ద పెద్ద అద్దాల డబ్బాలు తగిలించుకుని గాల్లో చేతులాడిస్తున్నారు. ఏమిటమ్మా ఇది అంటే, ముక్కు లోపలికి పోయి వాసన ఎట్లా తెలుస్తుందో ఆడుతూ నేర్చుకుంటున్నామన్నారు. నా ఒళ్లు పులకరించిపోయింది. అంతలో గుమ్మం పక్క గోడకు దండ వేసిన ఫోటో ఒకటి కంటబడింది, దాని కింద ‘వీడియో ఆటలతో విజ్ఞానం బోధించిన తొలి గురువు’ అని బంగారు రంగు అక్షరాలు. ఆ ఫోటోలో ఉన్నది మా పాత హెడ్మాస్టరు.

పోయినవాళ్లను గురించి చెడ్డగా అనగూడదంటారు. ఆ మాట పుట్టించినవాళ్లెవరో మా హెడ్మాస్టరు కింద ఉద్యోగం చేసి ఉండరు. సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత ఆయన కోసమే పుట్టిందని నా నమ్మకం. నాతోటి వయసువాళ్లు, అందులోనూ పర్మనెంటు కాని ఉద్యోగాల్లో నోరు మూసుకుని బతికినవాళ్లు నా బాధ అర్థం చేసుకుంటారని ఇదంతా రాస్తున్నాను.

ఇరవై ఏళ్ల కిందటి మాట. హోసూరుకు కొంచెం దూరంలో ఒక తెలుగు మీడియం బడిలో నేను టెంపరరీ సైన్సు టీచరును. బడికి ఎవరో దాత ఇచ్చిన పాత కంప్యూటర్లు రెండుండేవి, వాటికి గుడ్డ కప్పి, కుంకుమబొట్టు పెట్టి, పిల్లలను ముట్టనివ్వకుండా కాపాడుకునేవాళ్లం. జ్ఞానేంద్రియాల పాఠం వచ్చేసరికి కన్నూ చెవీ ఎట్లాగో బొమ్మ వేసి చెప్పగలిగేదాన్ని గానీ, ముక్కు దగ్గర మాత్రం పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్లు. కంటికి కనబడని రేణువులు గాలిలో వచ్చి ముక్కు పైభాగంలోని తడిపొర మీద వాలతాయనీ, అక్కడి నాడీకణాలకుండే సన్నటి వెంట్రుకలు వాటిని పట్టుకుంటాయనీ చెబితే ఎవరు నమ్ముతారు? మా క్లాసులో డెంకణికోట వైపు గొర్రెలు కాచేవాళ్ల పిల్ల ఒకతె ఉండేది, మహా గడుసుది. “ముక్కులో యాడ పట్టుకుంటాయి మేడం, మాకు చూపియ్యండి” అని లేచి నిలబడింది. ఆ అడగడంతో పుట్టింది మా ఆట.

కంప్యూటరు మాస్టరు అప్పుడే చదువు ముగించి వచ్చిన కుర్రాడు, నా మాట కాదనేవాడు కాదు. నేను చార్టు కాగితాల మీద బొమ్మలు వేస్తే, అతను వాటిని కంప్యూటరులోకి ఎక్కించేవాడు. ఆటలో పిల్లలే వాసన రేణువు. గాలితోపాటు ముక్కు రంధ్రంలో దూరి, తుమ్ము వస్తే తప్పించుకుని, జిగురులో ఇరుక్కోకుండా ఈదుకుంటూ పైకి పోవాలి. పైన వరసగా తాళాలుంటాయి. ఒక రేణువు ఒక్క తాళాన్నే తీయదు, తన ఆకారానికి సరిపోయిన నాలుగైదింటిని తీస్తుంది, తీసిన ప్రతి తాళానికీ మెదడులో ఒక దీపం వెలుగుతుంది, ఏ దీపాలు కలిసి వెలిగాయన్నదాన్ని బట్టి ఇది మల్లెపువ్వు, ఇది ఇంగువ, ఇది కిరసనాయిలు అని తెలుస్తుంది. జలుబు చేసిన రోజు అన్న మెట్టొకటి పెట్టాం, అందులో జిగురు చిక్కబడి ఎవరూ పైకి చేరలేరు. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. మూడు నెలలు బడి విడిచాక కూర్చుని చేశాం దాన్ని. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను మా ఇంట్లోవాళ్ల మీద కూడా అంత మనసు పెట్టలేదంటే అబద్ధం కాదు.

కృష్ణగిరిలో జిల్లా ప్రదర్శన వస్తుందని తెలిసినప్పుడు పిల్లలంతా గంతులేశారు. గెలిచినవాళ్లు చెన్నై పోతారు. ఆ గొర్రెలవాళ్ల పిల్లను వాళ్ల నాయన పదో తరగతితో మాన్పించేస్తానంటున్నాడు, చెన్నై దాకా పోయి బహుమతి తెస్తే మాత్రం పైకి చదివిస్తానని నా ముందే మాటిచ్చాడు. ఆ పిల్ల రెండు వారాలు ఇంటికి పోయే దారిపొడుగునా పాఠం అప్పజెప్పుకుంటూ నడిచేది.

తీరా దరఖాస్తు చూస్తే రూపకర్త అన్నచోట హెడ్మాస్టరు పేరుంది. నా పేరు ఏ మూలా లేదు. అడగడానికి పోయాను. ఆయన తల కూడా ఎత్తలేదు. “ఏమ్మా, నువ్వు పిల్లోళ్లకి పాఠం చెప్పుకో సాలు. ఆడ ఆఫీసర్లతో నువ్వేం మాట్లాడతావు? నీ పర్మనెంటు కాయితం నా టేబుల్ మీదనే ఉండాది, మరిచిపోవద్దు” అన్నాడు. సరే సార్ అని వెనక్కి తిరిగి వచ్చి, స్టాఫ్ రూములో మంచినీళ్లు తాగుతూ, ఈయన్ను ఊరికే వదిలితే నేను మా అమ్మకు పుట్టినదాన్నే కాదు అనుకున్నాను.

అవకాశం ఆయనే తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. జడ్జీలకు ముందుగా నిజమైన గులాబీ ఇచ్చి వాసన చూడమని, ఆ తర్వాత ఆ వాసన లోపలికి ఎట్లా పోయిందో ఆటలో చూపిస్తాడట. నాటు గులాబీలు చిన్నగా ఉంటాయి, వద్దు, ఫారిన్‌కు పోయే పొడుగు కాడల గులాబీలు ఒక కట్ట తెమ్మన్నాడు. మా అమ్మ కెలవరపల్లి పక్కన ప్లాస్టిక్ పందిళ్ల కింద ఆ గులాబీలే కోసే పనికి పోయేది. ఆ పువ్వులకు రంగుంటుంది, కాడ ఉంటుంది, వారమైనా వాడకుండా నిలిచే గుణముంటుంది, వాసన మాత్రం ఉండదు. రంగూ నిలవా చూసి ఎంచి ఎంచి పెంచిన జాతులవి, పువ్వు నుంచి గాలిలోకి రేణువులు వదిలితే కదా తాళాలు తెరుచుకునేది! మా ఊరి ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతి ఇది. చేతికి మట్టి అంటని మా హెడ్మాస్టరుకు తెలియదు. అమ్మను అడిగితే, “చూసేదానికేనమ్మా ఇవి, మీ సారుకి ఎందుకు?” అని ఆశ్చర్యపోయింది. చూడటానికే అన్నాను. ఎర్రటివి, మంచివి ఏరి తెచ్చింది.

ఆ పొద్దు కృష్ణగిరిలో జడ్జిగా వచ్చిన పెద్దావిడకు ఆయన ఒంగి దండం పెట్టి గులాబీ ఇచ్చాడు. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ పెట్టుకుంది. పక్కనున్న ఇంకో జడ్జికిచ్చింది, ఆయనా చూశాడు. “ఏం సార్, దీంట్లో వాసనే లేదే?” అంది. మా హెడ్మాస్టరుకు చెమటలు పట్టాయి. “మీకు జలుబు చేసినట్టుండాది మేడం” అన్నాడు! ఆమె ముఖం ఎర్రగా కందిపోయింది. సరే, వాసన ఎందుకు లేదో మీ ఆటలోనే చూపించండి అని కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన మౌసు పట్టుకుని జిగురులో ఇరుక్కున్నాడు, బయటికి రాలేకపోయాడు. చుట్టూ ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. అబ్బ, ఆ నవ్వు ఇప్పటికీ నా చెవికి తీపే! పగ చల్లారితే కడుపు నిండుతుందని ఎవరైనా అంటే నేను ఒప్పుకుంటాను, ఆ పూట నేను అన్నం కూడా తినలేదు.

అప్పుడు జడ్జి పిల్లల వైపు తిరిగి, మీలో ఎవరికైనా తెలుసా అని అడిగింది. మా గొర్రెలవాళ్ల పిల్లకు తెలుసు. మూడు నెలలు నా పక్కన కూర్చున్నదానికి తెలియకుండా ఎట్లా ఉంటుంది? అయితే మా బడిలో ఒక కట్టుబాటు ఉండేది. బయటివాళ్ల ముందు పిల్లలు నోరు విప్పాలంటే టీచరు ముఖం చూడాలి, టీచరు తలూపితేనే మాట్లాడాలి. వినయమంటే అదేనని మేమే వాళ్లకు నూరిపోశాం. ఆ పిల్ల నా వైపు తిరిగింది. పెదవుల దాకా వచ్చిన జవాబు నాకు కనబడుతూనే ఉంది. అది చెబితే ఆట నిలబడుతుంది, ఆటతోపాటు ఆయనా నిలబడతాడు. నేను తల ఊపలేదు. కళ్లతోనే వద్దన్నాను.

పిల్ల తల దించుకుంది.

బహుమతీ చెన్నై ప్రయాణమూ ఇంకో బడికి పోయాయి. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆయన నా సీటు దగ్గరికి వచ్చి, గులాబీలు యాడివమ్మా అని అడిగాడు. మీరు అడిగినవే సార్, ఫారిన్‌కు పోయేటివి, అన్నాను. ఆయన గిరుక్కున తిరిగి ముందు సీట్లోకి పోయి కూర్చున్నాడు. వారం తిరక్కుండా కంప్యూటరులోంచి మా ఆటను తుడిపించేశాడు, తర్వాత ఈ కృష్ణగిరి బడికి మారి, అది తన ఆటేనని చెప్పుకున్నాడట. నా కాగితం ఆయన పోస్టులో ఉన్నన్నాళ్లూ కదలలేదు, తర్వాత వచ్చినాయన సంతకం పెట్టాడు. దానికి నేను బాధపడలేదు, చేసినదానికి ఆ మాత్రం ఖర్చవుతుందని ముందే అనుకున్నాను. ఆ పిల్ల మాత్రం పదో తరగతి పరీక్షలు రాసిన మరుసటి నెలలోనే బట్టలు కుట్టే కంపెనీ బస్సు ఎక్కింది. ఒకసారి హోసూరు బస్టాండులో కనబడి, బాగుండారా మేడం అని పలకరించింది. ఆ పొద్దు ఎందుకు వద్దన్నారు అని అడగలేదు.

ఆయన మీద నా కోపం చావలేదు, ఆ ఫోటో చూసినప్పుడు దండ పీకేసినంత పని చేశాను కూడా. అంతలో ఆ అద్దాల డబ్బాల గదిలో చిన్న టీచరమ్మ ఏదో వివరిస్తూ, ఒక్కో వాసనకు ఒక్కటే తాళం అని నోరు జారింది. కళ్లకు డబ్బా తగిలించుకున్న ఒక ఆడపిల్ల అది తీయనైనా తీయకుండా, “మేడం, తప్పు చెప్పినారు, శానా తాళాలు తెరుచుకుంటాయి” అని గట్టిగా అరిచింది. టీచరు నవ్వి, అవును కదా అని దిద్దుకుంది. మా కాలంలో అయితే ఆ పిల్లకు చెంప పగిలేది. మా ముఖం చూడకుండా పిల్లలు నోరెత్తరని ఊరంతా మమ్మల్ని మెచ్చుకునేది, మేమూ మురిసిపోయేవాళ్లం. ఆ రోజు ఆ గొర్రెలవాళ్ల పిల్ల కూడా ఇట్లాగే నా ముఖం చూడకుండా ఉండి ఉంటే ఎంత బాగుండేదో.