నాయన దాచుకున్న జవాబు

సాయంత్రం ఆరవగానే ‘నాయన, పది ప్రశ్నలు’ అంటూ నా ఫోనులో ఇప్పటికీ అలారం మోగుతుంది. ఆయన పోయి ఆరు నెలలైనా దాన్ని తీసేయడానికి నాకు చెయ్యి రాలేదు.

విడవలూరు దగ్గర సముద్రాన్ని నమ్ముకుని బతికిన మనిషి, మతిమరుపు జబ్బు ముదిరి, వల ఒళ్ళో పెట్టుకునే వల ఏదని వెతికేవాడు. ఆసుపత్రుల యంత్రాలు బాగుచేసే ఉద్యోగం నాది. కోత, మత్తు లేకుండా, తల బయటినుంచే అయస్కాంత తరంగాలతో మెదడును కదిలించే చికిత్స ఒకటుందని తెలిసి, అది కొందరికే, కొంతే పనిచేస్తుందని డాక్టరుగారు చెబుతున్నా చెవిన పెట్టక, ఆయన్ని వారానికి ఐదు రోజులు నెల్లూరు తీసుకెళ్ళాను. తలమీద ఆ పరికరం టకటకమంటుంటే, “ఎవుర్రా నా తలకాయకి పడవ మేకులు కొడతా ఉండేది?” అని నవ్వేవాడు.

గుణం కొలవడానికి నోటుబుక్కులో పది ప్రశ్నలు, పది గడులు. మొదటి వారం రెండింటికే జవాబు వచ్చింది. ఆరో వారానికి తొమ్మిదీ చెప్పాడు. నేనెవరంటే “మా పెద్దోడివి” అన్నాడు. ఆ పూట నేను అన్నం తినలేకపోయాను, సంతోషంతో.

పదోది చికిత్స చివరి రోజుకని దాచుకున్నాను. నా తొమ్మిదో ఏట, పడవలో నా గడ్డం పట్టి ఒడ్డువైపు తిప్పి, ఏ తాటిచెట్టు వెనక ఏ గోపురం వచ్చి నిలిస్తే కింద చేపలు మూగే రాతిదిబ్బ ఉన్నట్టో చూపించి, పైవాళ్ళకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. మా జాలర్లలో ఆ గుర్తులు తండ్రి కొడుక్కి తప్ప చెప్పడు. అవేమిటన్నదే నా పదో ప్రశ్న.

అడిగాను. నావైపు మర్యాదగా చూసి చేతులు జోడించాడు.

“అది పైవోళ్ళకి చెప్పేది కాదు సామీ. మావోడు వస్తే వాడికే చెప్తా.”

గడపలో చేపలు కడుగుతున్న అమ్మ తలెత్తలేదు. “రోజూ నువ్వడిగేది వింటా ఉండా గదా అబ్బయ్యా. ఆ తొమ్మిదీ పగలంతా నేనే నేర్పించినా. నువ్వు సంబరపడతా ఉంటే చెప్పబుద్ధి కాలా.”

ఏ యంత్రాన్నైనా రెండు రకాలుగా పరీక్షించే నేను, నాయన దగ్గర మాత్రం రోజూ అవే ప్రశ్నలు అడిగాను.

ఇప్పుడా తాటిచెట్లు లేవు, రొయ్యల గుంటలొచ్చాయి. ఏ పడవలో చూసినా దారి చూపే జీపీఎస్ తెరమీద అంకెలే, చెప్పకూడని గుర్తంటూ ఎవరికీ మిగల్లేదు. నోటుబుక్కులో పదో గడి ఒక్కటే ఖాళీగా ఉంది. ఆయనకు గుర్తుందని రాయాలో, లేదని రాయాలో నాకు ఇంకా తెలియదు.