భాస్కరం ఒప్పుకోని అర్థం

రాజమండ్రిలో రైలెక్కేటప్పటికి సన్నగా వాన పడుతోంది. మర్నాటికి బొంబాయి, ఆ మరుసటి ఉదయం బహ్రెయిన్ విమానం. విజిట్ వీసా లలితమ్మ పంపింది. ఆమె నా మిత్రుడు భాస్కరం భార్య. అతను బహ్రెయిన్ రాజధాని మనామాలో ఒక బడిలో ఇంగ్లీషు మాస్టారు. నెల కిందట పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. "మీ గొంతు వింటే ఏమన్నా పలుకుతారేమోనండి అన్నయ్యగారూ" అని ఆమె ఫోనులో అడిగింది.

విమానంలో నా పక్కన కూర్చున్నది నిజామాబాదు మనిషి. అక్కడే సల్మాబాద్‌లో గ్యారేజీ పని. గల్ఫులో ఏ ఊరైనా అతనికి దుబాయే.

"దుబాయికి కొత్తనా సార్?"

బహ్రెయిన్‌లో ఎవరిని చూడబోతున్నానో చెప్పాను. "చెయ్యి పోతె ఇంకో చెయ్యున్నది. మాట పోతె ఎట్ల సార్" అని కిటికీ వైపు తిరిగాడు.

దిగేసరికి మధ్యాహ్నం. దుమ్ము గాలికి ఆకాశమూ నేలా ఒకే రంగులో ఉన్నాయి. టాక్సీ బేరమాడుకుని ఆసుపత్రికి వెళ్లాను. సల్మానియా పెద్దాసుపత్రిలో రోగుల్ని సాయంత్రమే చూడనిస్తారు. అందాకా ఎదురుగా మలయాళీ హోటల్లో పరోటా తిని, టీ తాగుతూ కూర్చున్నాను.

భాస్కరం నన్ను చూశాడు గాని గుర్తుపట్టినట్టు లేదు. "అది" అన్నాడు. ఏం కావాలన్నా, ఎవరిని చూసినా ఇప్పుడతనికి ఆ ఒక్క మాటే. ఇరవై ఏళ్లుగా మేమిద్దరం పిల్లలకోసం ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తయారుచేస్తున్నాం. అందులో సగం మాటలు అతనివి.

రెండో రోజూ అంతే. లలితమ్మ మంచం పక్కన తల వంచుకుని కూర్చుంది. ఊరి కబుర్లు అయిపోయాక, ఏం మాట్లాడాలో తోచక మా పాత తగవు ఎత్తాను. పూర్వం ఇంగ్లండులో ఇద్దరు రౌతులు బల్లేలు పట్టుకుని ఎదురెదురుగా గుర్రాలు దౌడు తీయించి, ఒకరినొకరు పడదోసుకునే పందెం ఉండేది. దాని పేరు టిల్ట్. ఆ మాట ఒరగడం, పడదోయడం అనే అర్థం నుంచి వచ్చిందని నేనంటాను. కాదు, గుడారపు గుడ్డని టిల్ట్ అనేవారు, గుర్రాలు ఢీకొనకుండా మధ్యలో తాడుకి గుడ్డ కట్టేవారు, తర్వాత గుడ్డ బదులు చెక్క పలకలు పెట్టినా గుడ్డ పేరే నిలిచింది అంటాడు భాస్కరం.

"ఒరగడం అనే రాసేస్తున్నాను భాస్కరం. కాదనేవాళ్లెవరూ లేరిక" అన్నాను.

అతని ఎడమచెయ్యి కదిలింది. తడుముకుంటూ పోయి, రెండు మంచాల మధ్య వేలాడే తెరని పట్టుకుని గుంజింది. తెర వేయమంటున్నాడేమోనని నర్సు వచ్చి లాగింది. అతను తల అడ్డంగా ఊపాడు, గుడ్డ వదల్లేదు.

"అది. అది."

"గాలాడట్లేదేమోనండి" అంది లలితమ్మ.

"కాదమ్మా. నాతో పోట్లాడుతున్నాడు" అని సంగతంతా చెప్పాను. ఆమె పైట నోటికడ్డం పెట్టుకుంది. గుడ్డ అనే రాస్తానని మాటిచ్చాక అతని పిడికిలి సడలింది. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

ఆ తర్వాత మూడు సాయంత్రాలు ఏమడిగినా కళ్లు తెరవలేదు. మాట రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. భాస్కరం స్నేహితులు సఖీర్ ఎడారి చూపిస్తామన్నారు, వెళ్లాలనిపించలేదు.

బయల్దేరే రోజు లలితమ్మ ఆసుపత్రి గేటుదాకా వచ్చింది. "మీరిద్దరూ పోట్లాడుకున్న మాటలు ఇంకేవైనా ఉంటే చెప్పి వెళ్లండి అన్నయ్యగారూ. రోజుకొకటి అడుగుతాను" అంది.

గుర్తుచేసుకుని ఫోను చేస్తానన్నాను. విమానం లేచింది. కింద ఊరు దుమ్ములో కలిసిపోయింది. మా నిఘంటువుని మనసులోనే అక్షరం తర్వాత అక్షరం వెదుక్కుంటూ వచ్చాను. బొంబాయి దగ్గర పడుతున్నా ఒక్కటీ తట్టలేదు. మిగిలిన మాటలన్నిటిమీదా మా ఇద్దరిదీ ఒకే అభిప్రాయం.