కొండెక్కిన దీపం

బుజ్జమ్మా, ఈ తల్లిని వదిలి నువ్వు పోయాక, నిన్ననే మళ్లీ ఆముదం దీపం పెట్టాను. ఆ వాసనకు పెద్దమందడిలో మా మట్టి ఇల్లు గుర్తొచ్చింది.

మా ఈడువాళ్లారా, మీకు గుర్తుందా? దీపం ఆరిందని అననిచ్చేవారు కాదు, కొండెక్కిందనాలి. నైజాం కాలం అది. అమ్మవారు పోసి నా తమ్ముడు చనిపోయిన ఏడాది. నాయిన ఒక పాత పద్యం చదివాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఇంట్లో దీపం కొండెక్కి, అంతా చీకటైందట. నేను వాకిట్లోకి ఉరికి ఊరి పక్క కొండవైపు చూశాను.

"అమ్మా, కొండ మీద దీపం లేదేందే?"

"దిగొస్తది తియ్యి పిచ్చిదానా. నువ్వు ఆముదం పోసి పెట్టు," అంటూ నవ్వబోయి, అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

రోజూ ప్రమిద నిండా పోసేదాన్ని. పద్యంలో చీకటంటే ఆముదం అయిపోవడమే అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది బుజ్జమ్మా. ఆ తల్లి ఇంట్లో ఆముదం ఉంది, వెలిగించడానికి చేయి లేవలేదు. మా అమ్మకు అన్నం కలుపుకోవడానికీ చేయి లేవలేదు. నేను ప్రమిదనే చూశాను గానీ, అమ్మ కంచం చూడలేదు.

దుఃఖంలో ఉన్నవాళ్లెవరైనా ఇది చదివితే, లేచి కడుపునిండా తినండి.