బ్రేకు వద్దన్నది నేనే

మేము ఆ గుట్ట మీద దిగేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటి పది నిమిషాలు. బర్మా దేశం. కింద చింద్విన్ నది. పంతొమ్మిది వందల నలభై నాలుగు వానాకాలం వెళ్లిపోయిందని పైవాళ్లు కాగితం మీద రాసుకున్నారు గానీ, వానకు ఆ కాగితం అందలేదు. మోకాలి దాకా ఎర్ర బురద. నా దగ్గర ఒక రైఫిలు, యాభై తూటాలు, ఒక కంబళి, రెండు బిస్కెట్ పొట్లాలు. జలగలు వేరే. వాటిలో ఒకటి నా బూటు లేసు విప్పి, కడుపునిండా తాగి, మళ్లీ ముడి వేసి పోయింది. సిద్దిపేట చాయ హోటల్లో ఈ మాట చెబితే నవ్వుతారు. ముడి మాత్రం నేను వేసింది కాదు.

మాది పడవలు మోసే దళం. రెండు లారీలు, వాటి వెనక రెండు ట్రైలర్లు. ఒక్కో ట్రైలరు మీద మూడు చెక్క పడవలు, మడిచి ఒకదాని మీద ఒకటి. బరువు పద్దెనిమిది బస్తాల వడ్లంత. ట్రైలరుకు రెండే చక్రాలు. బ్రేకు లేదు.

గుట్ట నుంచి నీళ్ల దాకా ఆరు వందల గజాల దిగుడు. రెండు మలుపులు. అవతలి ఒడ్డున మావాళ్లు పంతొమ్మిది మంది చిక్కుకుపోయి ఉన్నారు. పదకొండు మందికి గాయాలు. జపాను వాళ్లు మూడు వైపుల నుంచి మూసుకొస్తున్నారు. నాలుగో వైపు నది. మాకు వచ్చిన ఆర్డరు ఒక్కటే: రేపు పొద్దున ఏడింటికల్లా పడవలు నీళ్లలో ఉండాలి. పొగమంచు ఎనిమిదిన్నర దాకా ఉంటుంది. అది విడిపోతే ఆ దిగుడు మొత్తం అవతలి కొండ మీది మెషీన్‌గన్నుకు పళ్లెంలో పెట్టినట్టే.

మూడు గంటలకు కెప్టెను మమ్మల్ని ట్రైలరు చుట్టూ నిలబెట్టాడు. బ్రేకు కట్టాలా, వద్దా? కడితే సాయంత్రం దాకా పని. బురద పట్టిన చక్రానికి అది ఆనుతుందో లేదో తెలియదు. పైగా దాన్ని పట్టుకుని ఒక మనిషి ట్రైలరు వెనక నిలబడాలి. అంటే తుపాకీకి ఎదురుగా.

ముందు నోరు తెరిచింది మల్లయ్య. మా సిద్దిపేట దగ్గరి కోహెడవాడు, తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. చెట్టునూ నడుమునూ కలిపి పట్టే తోలు తాడు, మోకు, పటాలంలోకి వచ్చేటప్పుడు కూడా ఇంట్లో వదల్లేదు. పక్కబట్టల్లో చుట్టి తెచ్చుకున్నాడు.

"కట్టాలె సాబ్. గింత బరువు గీ జారుడు మీద ఆగది. చక్రాల ముందట ఓ దుంగ అడ్డం యాలాడదీస్త. ఎన్క నిలబడి తాడు గుంజితే దుంగ చక్రాలకు ఒత్తుకుంటది. నేనే నిలబడ్త."

కెప్టెను నావైపు తిరిగాడు. "నువ్వు ఇరవై ఏళ్లు బండి తోలినవాడివి. నువ్వు చెప్పు."

నిజమే, తోలాను. సిద్దిపేటలో నాది కిరాయి ఎద్దుబండి. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు, ముప్పై అని రాయించి భర్తీ అయ్యాను. నన్ను పదిమందిలో సలహా అడిగిన మొదటి దొర ఆయనే. ఊరుకోగలనా?

"కొమురవెల్లి గుట్ట మీదికెల్లి ముప్పై బస్తాలేసుకొని దిగిన సాబ్. బ్రేకు లేదు. ఎద్దులు నిద్రబోయినయి, నేను నిద్రబోయిన. బండి దానంతట అదే ఇంటికొచ్చింది."

కెప్టెను నవ్వాడు. రెండు రోజుల్లో అదే మొదటిసారి. నా బండి ఏనాడూ ఆ గుట్ట ఎక్కలేదు. పన్నెండు బస్తాలు దాటి వేసిందీ లేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. "ఒక్క ఉపాయం సాబ్. దిగేటప్పుడు బరువు ఎన్కకు జరపాలె. ముందట బరువుంటే కాడి ఎద్దుల మెడల మీద పడ్తది. ఎన్కకు జరిపితే మెడలు తేలిక."

ఇది అబద్ధం కాదు. మా దగ్గర బండి తోలే ప్రతివాడూ చేసే పనే. కెప్టెను తల ఊపాడు. బ్రేకు వద్దు. పడవల్ని మూడడుగులు వెనక్కి జరిపి కట్టాం.

తాడు బిగిస్తూ మల్లయ్య అడిగాడు, "అన్నా, లారీకి మెడ యాడుంది?"

"ఉంటది తమ్మీ. బండి తోలినోనికే కనబడ్తది."

అందరూ నవ్వారు. మాట అర్థం కాకపోయినా పంజాబీ డ్రైవరూ నవ్వాడు. ఆ పూట తన రొట్టెలో సగం నాకు పెట్టింది అతనే.

మర్నాడు ఆరూ నలభైకి అతని లారీ ముందు కదిలింది. పొగమంచులో పది గజాలకు మించి కనబడదు. నేనూ మల్లయ్యా వెనక నడుస్తున్నాం. ఎనభై గజాలు బాగానే దిగింది. తర్వాత ట్రైలరు తోక ఊపడం మొదలుపెట్టింది. ఎడమకు, కుడికి, ఇంకా ఎక్కువ ఎడమకు. వెనక బరువు కిందికి గుంజితే లారీ వెనక భాగం పైకి తేలిపోయింది. చక్రాలు బురదను పట్టడం మానేశాయి. మొదటి మలుపులో లారీ తిరిగింది, ట్రైలరు తిరగలేదు. గిర్రున చుట్టి వచ్చి డ్రైవరు తలుపును గుద్దింది. పడవ మూతి తలుపులోంచి లోపలికి దూరింది. డ్రైవరు ఛాతీ స్టీరింగుకూ దానికీ మధ్య అణిగిపోయింది. అరవడానికి అతనికి ఊపిరి మిగల్లేదు.

ఆ చప్పుడుకు అవతలివాళ్లు మోర్టారు మొదలుపెట్టారు. గుడ్డిగానే, కానీ ఆగకుండా. మూడో గుండు పడవల మీద పడింది. చెక్క ముక్కలు కత్తుల్లా ఎగిరాయి. పడవలు దించడానికి లారీ వెనక కూర్చున్న బిహారీ సిపాయి రోడ్డు మీద పడి ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద లేదు. "నా బూటేదీ?" అని నన్ను అడిగాడు. వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూశాను. పది నిమిషాలు అడిగాడు. తర్వాత అడగలేదు.

పైన గుంతలోంచి మద్రాసు వైర్‌లెస్ మనిషి అరిచాడు. "అవతల అడుగుతున్నారు. పడవలు ఎక్కడ?"

"గంటన్నర అని చెప్పు," అన్నాడు కెప్టెను.

వైర్‌లెస్ మనిషి కాసేపు విన్నాడు. "పన్నెండు మందే మిగిలారట. గంటన్నర తర్వాత వస్తే మోసుకుపోవడానికి ఎవరూ ఉండరట."

కెప్టెను నన్ను చూశాడు. కొట్టినా బాగుండేది.

మల్లయ్య అప్పటికే టేకు దుంగ నరుకుతున్నాడు. ఏడడుగులది. రెండు చక్రాల ముందు వేలాడదీశాడు. రెండు కొసలకూ తాళ్లు కట్టి, ఆ తాళ్లను వెనక తన మోకుకు ముడివేశాడు. నేను రెండో ట్రైలరు మీది పడవల్ని ముందుకు జరిపాను. గోళ్లు లేచిపోయాయి. ఎనిమిదీ పదికి పని అయింది.

"నేను నిలబడ్త తమ్మీ. మాట నాది."

"నీకు ఎన్కకు ఒరుగుడు రాదన్నా. ఎప్పుడు జూసినా ముందటికే వడ్తవు." వెనక దూలం మీద బూట్లు విప్పి నిలబడ్డాడు. మోకు నడుముకు వేసి బిగించి ముడి పెట్టుకున్నాడు. "చెట్టు మీద లెక్కనే. కాళ్లు తన్నిపట్టి, నడుం తాడుకియ్యాలె. కల్లొక్కటే తక్కువ."

స్టీరింగు కెప్టెనే పట్టాడు. జారితే చక్రం కింద వేయడానికి మొద్దు పట్టుకుని నేను పక్కన నడిచాను. మల్లయ్య వెనక్కి ఒరిగాడు. దుంగ చక్రాలకు ఒత్తుకుంది, ట్రైలరు మూలిగింది. లారీని తోయలేదు. ఎద్దులా వెనక నడిచింది. మొదటి మలుపులో విరిగిన లారీని రాసుకుంటూ దిగాం. డ్రైవరు చెయ్యి కిటికీలోంచి వేలాడుతోంది. నా భుజానికి తగిలింది.

రెండో మలుపు దగ్గర ఎనిమిదీ ఇరవై ఐదుకే మంచు చిరిగిపోయింది. ఎండ పడింది. మెషీన్‌గన్ను మమ్మల్ని చూసింది.

బురద వరసగా లేచింది. లారీ అద్దం పగిలింది. కెప్టెను చెవి దగ్గర నుంచి రక్తం కారుతోంది, లారీని మాత్రం ఆపలేదు. నేను చక్రం చాటున పాకాను. ట్రైలరు వెనక టప్, టప్, టప్ అని మూడు దెబ్బలు వినపడ్డాయి.

"మల్లయ్యా!"

"నడువన్నా."

చివరి నూటయాభై గజాలు ఇంకా నిటారు దిగుడు. చక్రాలకు రాసుకుని దుంగ కాలుతోంది. రబ్బరు పొగ కళ్లలో మండుతోంది. బ్రేకు ఒక్క క్షణం వదల్లేదు. చక్రాలు నీళ్లలోకి దిగాయి.

"తమ్మీ, వదులు. వచ్చినం. వదులు."

వదల్లేదు. వెనక్కి పోయి చూశాను. ఛాతీలో మూడు తూటాలు. ఆ చివరి నూటయాభై గజాలు బరువును ఆపింది ప్రాణం లేని నడుము. ముడి విప్పడం నా వల్ల కాలేదు. కెప్టెను కత్తితో కోశాడు.

పడవలు దింపాం. నీళ్ల మీద ఇంకా మిగిలిన మంచు చాటున నలభై నిమిషాలు తెడ్లు వేశాం. పన్నెండు మందిని ఈ ఒడ్డుకు తెచ్చాం.

నలభై ఆరులో నన్ను పటాలం నుంచి వదిలేశారు. సికింద్రాబాదు దాకా రైలు, సిద్దిపేట దాకా బస్సు. ఇంట్లో రెండు రోజులుండి కోహెడ పోయాను. మల్లయ్య తల్లి వాకిట్లో కూర్చుని ఉంది. సర్కారు పంపిన ఇంగ్లీషు కాగితం ఆమెకు ఎవరో చదివి చెప్పారట, లడాయిలో పడ్డాడని.

"పడ్డడా బిడ్డా?" అని అడిగింది. "మా ఇంట్ల ఎవ్వలు చెట్టు మీదికెల్లి పడలే. వాని తాత పడలే, వాని నాయిన పడలే. వాడెట్ల పడ్డడు?"

"పడలే అవ్వా. సచ్చినంక గూడ పడలే."

మొత్తం చెప్పాను. డ్రైవరు సంగతి, బూటు అడిగినవాడి సంగతి. కొమురవెల్లి గుట్ట మీద నేను పోని పోకడ కూడా. "బ్రేకు వద్దన్నది నేనే అవ్వా. ఆనాడే కడితే మంచులనే దిగుతుంటిమి. వాడు బతుకుతుండె."

"బిరేకంటే ఏంది?"

మాటలతో చెప్పలేకపోయాను. లేచి ఆమె వాకిట్లో నిలబడి, లేని తాడుకు నడుమిచ్చి, వెనక్కి ఒరిగి చూపించాను. ముసలామె తల అడ్డంగా ఊపింది.

"గట్ల గాదు. వాడు ఇంకింత ఎన్కకు ఒరుగుతడు."

అవును. ఇంకా వెనక్కి. ఆ పొద్దున చక్రం నీళ్లను తాకగానే కాలిన దుంగ సుయ్యిమంది. ఆవిరి లేచింది. అందులో అతను అలాగే ఒరిగి ఉన్నాడు. ఉత్తకాళ్లు దూలాన్ని తన్నిపట్టి ఉన్నాయి. మోకు బిగిసి ఉంది. తల వెనక్కి వాలి, అప్పుడే విడిపోయిన ఆకాశం వైపు మొహం, ఇంకా ఎంత ఎక్కాలో చూసుకుంటున్నట్టు.