ఎన్సియో పాదాలు

మా ఊరి మంచు హాకీ జట్టుకు గోలు కాసే ఎన్సియోకు ఆటకన్నా పాదాల మీదే శ్రద్ధ ఎక్కువ. రక్తం ఆడాలని ఒక్క పల్చటి మేజోడే తొడుగుతాడు. విరామంలో స్కేట్ల తాళ్లు వదులుచేసి వేళ్లు కదుపుతాడు. ఇంటికెళ్లగానే తడి పీల్చడానికి స్కేట్లలో పాత వార్తాపత్రికలు కుక్కుతాడు. ఇంత చేసినా ఆట ముగిసేసరికి చలికి వేళ్లు కొయ్యబారేవి. మొన్న పక్కూరితో పందెం రోజు ఉదయం అతని భార్య ఐలి, ఇంకా తడిగా ఉన్నాయని, స్కేట్లను ఆవిరిస్నానం చేసే సౌనా గదిలో పై బల్ల మీద ఆరబెట్టింది. ఆ వేడికి జిగురు కరిగి అడుగులు ఊడాయి. గోలు కాయడానికి మరో మనిషి లేడు. ఎన్సియో ఉన్నిబూట్లతోనే వెళ్లి నిలబడ్డాడు.

"ఏం తాతా, మంచుకు కన్నం పెట్టి చేపలు పట్టడానికొచ్చావా?" అన్నారు పక్కూరివాళ్లు. జారుతూ పడుతూ తొమ్మిది గోల్స్ వదిలేశాడు.

"నావల్లే కదయ్యా ఓడిపోయారు," అని ఐలి కళ్లొత్తుకుంది.

"ఓడితే ఓడాం గానీ, ఇలా నా కాలు పట్టుకు చూడవే. దేవుడి దయవల్ల, పొయ్యిలోంచి తీసిన రొట్టెలా ఉంది!"