సుక్కమ్మ చేతి తాడు

బెస్తోళ్ల ఇంటికి కోడలై వచ్చి ఏరంటే భయపడే మనిషి ఉంటుందా? ఉంది, సుక్కమ్మ. పుట్టింటివాళ్లూ చేపలు పట్టేవాళ్లే గానీ వాళ్లది చెరువు. కదలని నీళ్ల పక్కన పెరిగిన పిల్లను తెచ్చి కృష్ణ ఒడ్డున పడేస్తే ఏం చేస్తుంది పాపం! పెళ్లయి ఇన్నేళ్లయినా ఏటి హోరు వింటే ఆమె రెండడుగులు వెనక్కి వేసేది. మొగుడు పర్వతాలు మాత్రం ఏరు తన పెరడైనట్టు తిరిగేవాడు. "చెర్వు పిల్ల" అని పెళ్లాన్ని ఏడిపించడం అతనికి అన్నం తిన్నంత మామూలు.

అది అరవై ఎనిమిదో ఏడు, చలికాలం. ఎగువన పెద్ద ఆనకట్ట కట్టి ఎన్నాళ్లో కాలేదు. ఆ సాయంత్రం ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేశారు. రాత్రికి ఆనకట్ట నుంచి నీళ్లు వదులుతారట, ఎవరూ ఏట్లోకి దిగొద్దట. సుక్కమ్మ ఉరుకుతూ వచ్చి మొగుడికి చెప్పింది.

పర్వతాలు పగలబడి నవ్వాడు. "సలికాలంల ఏరొస్తదానే? మబ్బున్నదా, వానున్నదా? మా తాత జూడలే, మా బాపు జూడలే. గీ సలికే వాలుగ శాపలు మడుగుకొస్తయి. నడువ్!"

చలిరాత్రుల్లో వాళ్ల వేటకు ఒక పద్ధతుంది. గాలాలు వేలాడగట్టిన పొడుగాటి తాడు ఒక కొసను ఏటి నడుమ బండకు కట్టి పర్వతాలు అక్కడే కూర్చుంటాడు. రెండో కొస ఒడ్డున సుక్కమ్మ మణికట్టుకు. చలికి వేళ్లు కొంకర్లు పోయి తాడు జారుతుందని ఆ ముడి. పెద్ద చేప తగిలితే అతను గుంజుతాడు, ఈమె లాగాలి.

సుక్కమ్మ చితుకుల మంట వేసుకుని కూర్చుంది. ఆకాశం నిండా చుక్కలు. గాలన్నదే లేదు. తిని కడిగి నీళ్లంచున పెట్టిన సత్తుగిన్నె టక్కున రాయికి తగిలింది. చూస్తే గిన్నె తేలుతోంది. చూస్తుండగానే చీకట్లోకి కొట్టుకుపోయింది. ఆమె దిగ్గున లేచింది.

"ఏమయ్యో! నీళ్లొస్తున్నయి! రా, జల్ది రా!"

"జర సప్పుడు జెయ్యకే, శాపలు బెదుర్తయి!" అని బండ మీంచి కేక.

అంతలోనే ఎగువన హోరు మొదలైంది. మళ్లీ వినబడిన గొంతు పర్వతాలుదేనా అనిపించింది. "సుక్కా... బండ మునుగుతాంది! తాడిడువకే!"

ఒక్కసారిగా తాడు వదులైంది. పోయిండు, నా మొగుడు పోయిండు అనుకుంది. అతను బండ నుంచి కొస విప్పి నడుముకు కట్టుకున్నాడని ఆమెకేం తెలుసు? ఊపిరి తీసుకునేలోపే తాడు బిగిసి ఆమెను బోర్లా పడేసి ఇసుక మీద ఈడ్చింది. నీళ్లొచ్చి మంట ఆరిపోయింది. చీకట్లో తుమ్మ మొదలు భుజానికి తగిలింది. తాడుతో దాని చుట్టూ తిరిగి, కాళ్లు తన్నిపెట్టి లాగింది. తాడుతోపాటు గాలాలూ వస్తాయి కదా! ఒకటి అరచేతిలో దిగింది. ఆ వెంటనే ఇంకొకటి. లాగడం ఆపితే చెయ్యి దక్కుతుంది, మనిషి పోతాడు.

"గంగమ్మ తల్లీ, నీ కాల్మొక్త, ఆయన్ని ఇడ్సిపెట్టు!" అని ఏడుస్తూనే లాగింది.

పర్వతాలు పాక్కుంటూ ఒడ్డెక్కి నీళ్లు కక్కుకున్నాడు. ఇద్దరూ గట్టు మీదికి చేరాక, పళ్లు టకటకలాడుతుండగా ఆమె చెయ్యి తడిమాడు. ఉబ్బిన మణికట్టులో ముడి కూరుకుపోయింది. ఎంత గుంజినా ఊడలేదు.

"ఆగు, కోస్త," అని మొలలోంచి కత్తి తీశాడు.

"కొయ్యకు."

"నెత్తురు కారుతాంది గదనే!"

"కారనీ." సుక్కమ్మ చేతిని గుండెకు అదుముకుంది. "తెల్లారనీ. ఏరు కండ్లకు గనవడనీ. అప్పుడు కొయ్యి."

పర్వతాలు కత్తిని ఇసుకలో గుచ్చి, ఆమె పక్కనే ముడుచుకుని కూర్చున్నాడు. కింద ఏరు హోరుమంటోంది. తన నడుము దగ్గర తాడును తడిమి చూసుకుని, దాని మీద ఇంకో ముడి వేసుకున్నాడు.